ఎవరి లెక్కలోనూ లేని తీగ

కొత్త ఫ్లాటులో ఇంటీరియర్ పని పూర్తయి, గృహప్రవేశం ఫొటోలు బంధువులందరికీ చేరిపోయాక, ఆర్నెల్లు తిరక్కుండానే టీవీ యూనిట్ కింది నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు బయటికి వస్తుంది. దాని వెంట సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, సౌండ్‌బార్ వైరు, రౌటర్ తాలూకు నల్లటి దిమ్మ. లక్షలు పోసి చేయించిన లామినేట్ మీద టేపు వేసి వైరును అంటించడం, సోఫా వెనక కార్పెట్ కింద తొక్కిపెట్టడం మొదలవుతాయి. దీనికి సాధారణంగా రెండు కారణాలు చెబుతుంటారు. ఇంట్లోవాళ్లకు సర్దుకునే అలవాటు లేదన్నది ఒకటి. వైర్లు దాచే క్లిప్పులూ గొట్టాలూ పెట్టెలూ కొనలేదన్నది రెండోది. రెండూ అసలు సంగతిని పక్కకు నెట్టేవే. మన నగరాల్లో కార్పెంటర్‌కు ఎక్కువగా చదరపు అడుగు లెక్కన డబ్బు ముడుతుంది, ఎలక్ట్రీషియన్‌కు పాయింటు లెక్కన. గోడలో సాకెట్ బిగించగానే ఎలక్ట్రీషియన్ పని అయిపోతుంది. యూనిట్ ముందుభాగాన్ని టేపుతో కొలిచి బిల్లు రాయగానే కార్పెంటర్ పని అయిపోతుంది. సాకెట్ నుంచి వస్తువు దాకా తీగ నడిచే ఆ మూడు నాలుగు అడుగుల దారి మాత్రం ఎవరి బిల్లులోనూ ఉండదు. ఎవరికీ డబ్బు రాని పని ఎవరూ చేయరు. వైర్ల చిక్కుకు మూలం అలవాట్లలో కన్నా పని పంచుకున్న తీరులో, పని జరిగే వరుసలో ఉంది కాబట్టి పరిష్కారాన్నీ అక్కడే వెతకాలి.

ఈ చిక్కు మరీ పాతదేమీ కాదు. బ్యాటన్ వైరింగ్ కాలంలో టేకు పట్టీల మీద లోహపు క్లిప్పులతో తీగ గోడ వెంట పైకి కనిపిస్తూనే పోయేది. ఆ తర్వాత కేసింగ్ క్యాపింగ్ వచ్చింది. అప్పుడు కూడా మూత లాగితే తీగ చేతికి వచ్చేది. అందం తక్కువే గాని ఎక్కడ కాలినా, ఎక్కడ ఎలుక కొరికినా ఇట్టే తెలిసేది. ఇంట్లో సామాను సంగతీ అంతే. బీరువా, మంచం, టేబులు అన్నీ జరిపేవే. పండక్కి సున్నాలు వేయించేటప్పుడు బీరువా పక్కకు లాగితే వెనక గోడంతా బయటపడేది. అపార్ట్‌మెంట్లు పెరిగాక రెండు మార్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చాయి. తీగ గోడలోని పీవీసీ పైపులోకి వెళ్లిపోయింది. సామాను గోడకు అతుక్కుపోయింది. వార్డ్‌రోబ్, టీవీ యూనిట్, మంచం తలాపి ప్యానెల్, అటక దాకా కబోర్డులు, ఏవీ కదలవు. కంటికి కనిపించని ఒక పొర మీద కదలని ఇంకొక పొర వచ్చి కూర్చుంది. సరిగ్గా అదే కాలంలో ఇంట్లో తీగల రకాలు పెరిగాయి. ఒకప్పుడు హాల్లో కరెంటు తీగ, మహా అయితే టీవీ కేబులు. ఇప్పుడు డిష్ నుంచి వచ్చే కోయాక్సియల్, ఇంటర్నెట్ ఫైబర్, దాని డబ్బా నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి టీవీకి లాన్ కేబులు, హెచ్‌డీఎంఐ, సీసీ కెమెరా తీగ, వీటన్నిటికీ తలా ఒక అడాప్టరు. గోడలో సాకెట్లు రెండు ఉంటే వస్తువులు ఏడెనిమిది ఉంటాయి.

బిల్డర్ ఇచ్చేది ఒక ఊహ మాత్రమే. ఈ గదిలో మంచం ఇటు వేస్తారు, ఇక్కడ టీవీ పెడతారు అనుకుని పాయింట్లు పెడతాడు. ఆ ఊహ ఒక్క అడుగు తప్పినా ఖర్చే. మంచం ఉదాహరణ తీసుకుంటే, మనవాళ్లు ఎక్కువగా కొనే పరుపులు 60 అంగుళాలవో 72 అంగుళాలవో. పదకొండు అడుగుల గోడకు మధ్యలో అరవై అంగుళాల మంచం వేస్తే ఇరువైపులా మూడేసి అడుగులు మిగులుతాయి, డెబ్భై రెండు అంగుళాలదైతే రెండున్నరే. దానికి మెత్తటి తలాపి ప్యానెల్ ఇటు ఆరంగుళాలు, అటు ఆరంగుళాలు ఎక్కువ వేయిస్తే మంచం పక్కన ఉండాల్సిన సాకెట్ ప్యానెల్ వెనక్కి పోతుంది. ఎత్తు విషయంలోనూ అంతే. నేలకు అడుగు ఎత్తులో ఉన్న సాకెట్ ఖాళీ గదిలో చక్కగా కనిపిస్తుంది. ఇరవై అంగుళాల సైడ్ టేబులు రాగానే దాని వెనక దాక్కుంటుంది, ఫోన్ చార్జరు పెట్టాలంటే టేబులు లాగాల్సిందే. అదే సాకెట్ టేబులు పైతలానికి ఒక జానెడు పైన ఉంటే ఈ బాధే లేదు. ఇందులో శాస్త్రమేమీ లేదు. మంచం కొలత తెలిశాక పాయింటు పెట్టాలా, పాయింటు పెట్టాక మంచం కొనాలా అన్న వరుస ఒక్కటే తేడా.

పాయింటు తప్పు చోట ఉంటే గోడ కొట్టి మార్చుకోవచ్చు కదా అంటారు. అన్ని గోడలూ కొట్టేవి కావు. హైదరాబాద్‌లో ఎత్తైన టవర్లు చాలావరకు అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో, అంటే వాడుకలో మైవాన్ పద్ధతిలో కడుతున్నారు. అక్కడ గోడ కూడా స్లాబులాగే ఇనుము వేసి పోసిన కాంక్రీటు, పైగా భారం మోసే గోడ. పైపులు కాంక్రీటు పోసేటప్పుడే అందులో పడిపోతాయి. తర్వాత గాడి కొడితే కట్టడానికే దెబ్బ. చాలా అసోసియేషన్లు ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడమే న్యాయం. రెరా చట్టం 14వ సెక్షన్ కింద, ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి అయిదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాలకు బిల్డర్‌దే బాధ్యత. మనమే గోడ కొట్టించుకున్నాక ఆ గోడ గురించి ఫిర్యాదు చేస్తే మొదట వచ్చే ప్రశ్న ఏమిటో ఊహించుకోవచ్చు. ఇటుక గోడైనా, తేలిక సిమెంటు దిమ్మల గోడైనా స్వేచ్ఛ పూర్తిగా లేదు. తాపీ కట్టడాల ప్రమాణం ఐఎస్ 1905 ప్రకారం నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు, అడ్డగాడి ఆరో వంతు దాటకూడదు. ఆ ప్రమాణం భారం మోసే గోడలకు రాసిందే గాని, నాలుగంగుళాల పార్టిషన్ గోడకు కూడా అది మంచి హెచ్చరిక. వంద మిల్లీమీటర్ల గోడలో నిలువుగా 33 మిల్లీమీటర్లు, అడ్డంగా 17 మిల్లీమీటర్లు మాత్రమే తీయగలం అన్నమాట. 25 ఎంఎం పైపు నిలువుగా పడుతుంది, అడ్డంగా పట్టదు. ఒకే గోడకు ఇటు పక్క గదిలోనూ అటు పక్క గదిలోనూ స్విచ్ బోర్డులు వెన్నూ వెన్నూ ఆనించి పెడితే మధ్యలో గోడ దాదాపు మిగలదు.

ఈ లెక్క చూపించే సంగతి ఇంకొకటి ఉంది. హెచ్‌డీఎంఐ తీగ సన్నదే గాని దాని ప్లగ్గు తల దాదాపు రెండు సెంటీమీటర్ల వెడల్పు. 25 ఎంఎం కరెంటు పైపు లోపలి ఖాళీ అంతకన్నా పెద్ద ఎక్కువేమీ ఉండదు. తిన్నటి పైపులోనే ఇరుకు, వంపు దగ్గర ససేమిరా దూరదు. అందుకే తెలిసినవాళ్లు టీవీ వెనక నుంచి కింది యూనిట్ దాకా రెండంగుళాల పైపు వేయమంటారు. కానీ ఇందాకటి లెక్కన నాలుగంగుళాల గోడలో రెండంగుళాల గాడి తీయకూడదు. కాంక్రీటు గోడలో ఏ గాడీ తీయకూడదు. అప్పుడు ఆ దారి ఎక్కడ ఉండాలి? చెక్కపనిలోనే. టీవీ వెనక ప్యానెల్‌ను గోడకు నేరుగా అంటించకుండా, రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు, కొట్టి రెండంగుళాలు ముందుకు తెచ్చి వేస్తే దాని వెనక గోడంత వెడల్పు దారి ఉచితంగా దొరుకుతుంది. రీపర్లు నిలువుగా కొట్టాలి. అడ్డంగా కొడితే తీగకు ప్రతి అడుగుకూ ఒక అడ్డుకట్ట ఎదురవుతుంది. టీవీ వెనక ఒక రంధ్రం, కింది డ్రాయర్ల వెనక ఇంకొకటి, రెంటికీ మధ్య ఒక నైలాన్ తాడు వదిలిపెడితే రేపు కొత్త కేబులు కట్టి లాగేయొచ్చు. యూనిట్ వెనక వేసే ఆరు ఎంఎం ప్లైని మేకులు కొట్టకుండా స్క్రూలతో బిగించాలి, లేదా చెయ్యి పట్టేంత కంత కోయాలి. కరెంటు సాకెట్ టీవీ వెనకే ఉండాలి, ప్యానెల్ పైకి తీసుకొచ్చిన బాక్సులో. ప్లై వెనక చీకట్లో టేపు చుట్టిన అతుకు మాత్రం ఎప్పుడూ ఉండకూడదు. అది వేడెక్కితే పక్కనున్నది ఎండిన చెక్క. ఈ పని మొత్తానికి కార్పెంటర్‌కు అదనంగా పట్టేది మహా అయితే ఒక పూట. కానీ అతని చదరపు అడుగుల లెక్కలో ఆ పూట కనిపించదు. ఇక డిజైనర్ చూపించే 3డీ బొమ్మల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో టీవీ వెలుగుతూ ఉంటుంది, ఒక్క వైరూ ఉండదు. యజమాని ఆ బొమ్మ చూసే సంతకం పెడతాడు.

హాల్లో చిక్కు కంటికి ఇబ్బంది, వంటింట్లో అది ప్రమాదం. అక్కడ అందం మాట తర్వాత, ముందు ఆంపియర్ల లెక్క. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. రెండు వేల వాట్ల ఇండక్షన్ స్టవ్ సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది, పదిహేను వందల వాట్ల కెటిల్ 6.5, పన్నెండు వందల వాట్ల మైక్రోవేవ్ 5.2. మూడూ ఒకే పొద్దున ఒకే లైను మీద పడితే ఇరవై ఆంపియర్లు దాటుతుంది. ఆ లైనుకు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, పదహారు ఆంపియర్ల ఎంసీబీ ఉంటే కాసేపటికి ఎంసీబీ పడిపోవచ్చు, పడితే అది మన అదృష్టం. నాసిరకం ఎక్స్‌టెన్షన్ బోర్డు తీగ అంతకన్నా సన్నం. ఎంసీబీ పడేలోపు అది కాగుతుంది. పాత ఎలక్ట్రీషియన్లు తీగ సైజును ఇప్పటికీ త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ అంటుంటారు. స్థూలంగా ఆ రెండూ నేటి రెండున్నర, నాలుగు చదరపు మిల్లీమీటర్లకు దగ్గర. ఎనభైలూ తొంభైలలో కట్టిన ఫ్లాట్లలో వంటింటికి మిక్సీ, ఫ్రిజ్ తప్ప వేరే లెక్క వేసినవారు తక్కువ. అలాంటి ఇంట్లో తీగ మార్చకుండా మాడ్యులర్ కిచెన్ బిగించడమంటే చిమ్నీ, ఓవెన్, డిష్‌వాషర్ అన్నీ ఆ పాత తీగకే తగిలించడం. ముందు ఏ వస్తువు ఎక్కడ కూర్చుంటుందో రాసుకుని, పెద్ద వస్తువులకు విడివిడి లైన్లు తెప్పించుకుని, ఆ తర్వాత కబోర్డు కొలతలకు పోవాలి. బిల్ట్-ఇన్ ఓవెన్ సాకెట్ సరిగ్గా దాని వెనకే ఉంటే రెండు నష్టాలు: ప్లగ్గు మందం వల్ల ఓవెన్ పూర్తిగా లోపలికి పోదు, ఎప్పుడైనా ఆపేయాలంటే ఓవెన్ మొత్తం బయటికి లాగాలి. పక్క కబోర్డులో సాకెట్ పెట్టి, మధ్య పలకలో కంత కోస్తే రెండూ తీరతాయి. ఆ కంత ఎలక్ట్రీషియన్ కోయడు, కార్పెంటర్‌కు ఎవరూ చెప్పరు. నీళ్ల ఫిల్టరు, డ్రాయర్ల వెనక సాకెట్లు, ప్లాట్‌ఫాం మీద గ్రైండర్, అన్నిటిదీ ఇదే కథ.

పనిబల్ల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు, ఎందుకంటే దానికి పరిష్కారం అందరికీ తెలుసు, చేయించేవాళ్లే తక్కువ. బల్ల పలకలో అరవై ఎంఎం రంధ్రం, దానికి ప్లాస్టిక్ మూత, పలక కింద వెనకవైపు ఒక తొట్టి లాంటి ట్రే, ఆ ట్రేలో బిగించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు. బల్లను గోడకు రెండంగుళాల ఎడంలో నిలబెడితే రంధ్రం కూడా అక్కర్లేదు. కట్టడానికి ప్లాస్టిక్ టై కన్నా వెల్‌క్రో పట్టీ మేలు. టై కత్తిరించేటప్పుడు తీగా తెగే ప్రమాదం ఉంది. 2020 తర్వాత ఇంటి నుంచి పనిచేసేవాళ్లు పెరగడంతో కార్పెంటర్లకు ఈ రంధ్రం అలవాటైంది. అలవాటు కానిది ఇంటర్నెట్ వచ్చే దారి. ఫైబర్ తీగ ఫ్లాటులోకి ఎక్కువగా ముఖద్వారం పక్కనున్న షాఫ్టు నుంచో, బాల్కనీ నుంచో వస్తుంది. వచ్చినచోటే డబ్బా బిగించి వెళ్లిపోతారు. అది చెప్పుల స్టాండు పైన కావచ్చు. దాన్ని దాచడానికి చెక్క పెట్టె చేయించి, పైన అద్దమో రేకో బిగిస్తే సిగ్నల్ తగ్గుతుంది, లోపల వేడి పెరుగుతుంది. షాఫ్టు నుంచి ఇంటి నడిమి భాగం దాకా ఫాల్స్ సీలింగ్‌లో ఒక ఖాళీ పైపు ముందే వేసి ఉంచితే రౌటర్ సరైన చోట కూర్చుంటుంది. ఆ పైపులో కరెంటు తీగ రాకూడదు, మలుపులు మెల్లగా తిరగాలి; ఫైబర్ కోణంలా మడిస్తే వెలుతురు అక్కడే కారిపోతుంది.

దాచడం, చేతికి అందేలా ఉంచడం వేర్వేరు పనులన్నది బాగా కనిపించేది దీపాల దగ్గర. వార్డ్‌రోబ్ తలుపు తీయగానే వెలిగే లైటు, క్రాకరీ యూనిట్ అరల కింద పట్టీ లైటు, ఫాల్స్ సీలింగ్ అంచున దాచిన వెలుగు, ఇవన్నీ పన్నెండో ఇరవై నాలుగో వోల్టుల మీద నడిచే ఎల్ఈడీ పట్టీలు. 230 వోల్టులను అంతకు దించే డ్రైవర్ ఒక చిన్న డబ్బా. పట్టీ కన్నా ముందు చెడిపోయేది సాధారణంగా ఆ డబ్బానే, అందులోనూ గాలాడని చోట. దాన్ని జిప్సం పలక వెనకో, స్క్రూ తలలు కనపడకుండా లామినేట్ అంటించిన ప్యానెల్ వెనకో పెట్టేస్తే, కొన్ని వందల రూపాయల వస్తువు కోసం కొన్ని వేల రూపాయల పని పగలగొట్టాల్సి వస్తుంది. సీలింగ్‌లో ఒక చిన్న ట్రాప్ డోర్, కబోర్డు పై అరలో ఒక మూల చాలు. పూజ మందిరంలో ఈ సంగతి ఇంకాస్త సూటిగా ఉంటుంది. వెనక పలక మీద దేవుడి చుట్టూ వెలుగు కోసం ఎల్ఈడీ పట్టీ, ముందు నూనె దీపం, కర్పూరం. కార్తీక మాసంలో ఆ దీపాలు రోజూ గంటల తరబడి వెలుగుతాయి. పట్టీ తీగను దీపం పెట్టే పలక కింది నుంచి తెచ్చే బదులు పైనుంచో వెనక నుంచో తేవాలి. డ్రైవర్ మందిరం లోపల ఉండకూడదు. ఇంతా చేసి స్విచ్చు మాత్రం చేతికందే చోట, బయట. ఇన్వర్టర్ విషయంలో వాస్తు పేరు చెప్పి ఆగ్నేయంలోనే పెట్టాలని పట్టుబట్టేవాళ్లున్నారు. పెట్టుకోవచ్చు, కాని మూసిన కబోర్డులో కాదు. నీళ్లు పోసే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. దిక్కు కన్నా దానికి గాలి ముఖ్యం.

ఇంత ఆలోచన ఎందుకు, రేపు అన్నీ వైర్‌లెస్సే కదా అనేవాళ్లకు ఒక మాట. సమాచారం తీగ లేకుండా పోతోంది, నిజమే. కరెంటు మాత్రం తీగలోనే వస్తోంది. పైగా తీగ లేని ప్రతి పరికరమూ ఒక అడాప్టరును వెంట తెచ్చుకుంటుంది. ఇల్లంతా వైఫై అందాలని మూడు చిన్న రౌటర్లు పెట్టుకుంటే మూడు సాకెట్లు కావాలి. వైర్‌లెస్ కెమెరాకు, వైర్‌లెస్ స్పీకర్‌కు, ఫోన్ పెట్టే వైర్‌లెస్ చార్జింగ్ పళ్లేనికి, రోబో చీపురు వచ్చి నిలబడే స్థావరానికి, అన్నిటికీ గోడలో కరెంటు కావాలి. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకూ చిన్న పరికరాలకూ యూఎస్‌బీ-సి చార్జింగ్ తప్పనిసరి చేయడం వల్ల తీగల రకాలు కొంత తగ్గే మాట వాస్తవం. అంతమాత్రాన తీగల సంఖ్య తగ్గదు. ఏ తీగ ఉంటుందో ఏది పోతుందో చెప్పలేం కాబట్టే ఫలానా కేబులు కోసం కాకుండా ఖాళీ దారి కోసం డబ్బు ఖర్చు పెట్టమనడం. కోయాక్సియల్ పోయి ఫైబర్ వచ్చినా, రేపు ఇంకొకటి వచ్చినా ఖాళీ పైపు పాతబడదు.

ఇంటీరియర్ కంపెనీకి ఇస్తే అన్నీ వాళ్లే చూసుకుంటారన్నది ఇంకో వాదన, దానిలో కొంత నిజముంది. ఫ్యాక్టరీలో యంత్రం మీద కోసిన పలక కొలత సైటులో చేతి రంపంతో కోసినదానికన్నా కచ్చితం. అంచు బ్యాండింగ్ శుభ్రంగా ఉంటుంది. రంధ్రం ఎక్కడ కావాలో ముందే చెబితే అక్కడే వస్తుంది. చిక్కు ఆ ‘ముందే’ అన్న మాటలో ఉంది. ఫ్యాక్టరీ పలక సైటుకు వచ్చాక మారదు. ఉన్న పాయింట్లను ఉన్నట్టే తీసుకుని కొలతలు వేస్తారు, ఎలక్ట్రికల్ పని మా పరిధిలోకి రాదని కొటేషన్ అడుగున ఒక వాక్యం ఉంటుంది. సైటులో చేసే కార్పెంటర్ కొలత అటూ ఇటూ అయినా, సాకెట్ ఎదురైతే అక్కడికక్కడే పలక కోసి సర్దగలడు. అందుచేత ఫ్యాక్టరీ పనికి పోయేవాళ్లే వైరింగ్ ప్లాన్ ఇంకా ముందు తేల్చుకోవాలి. నా ఉద్దేశంలో వంటిల్లు, వార్డ్‌రోబ్‌ల వరకు ఫ్యాక్టరీ మేలు. టీవీ గోడ, పనిబల్ల, పూజ మందిరం లాంటివి, అంటే తీగలు ఎక్కువగా ఉండేవి, మంచి సైటు కార్పెంటర్ చేతికే ఇవ్వాలి.

ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం పైపైన చూస్తే నిలుస్తుంది, లెక్క వేస్తే నిలవదు. పీవీసీ పైపు, ఖాళీ బాక్సు, నైలాన్ తాడు ఇంటీరియర్ బిల్లులో కంటికి ఆననంత చిన్న మొత్తాలు. ఖర్చంతా గాడి కొట్టడం, పూడ్చడం, రంగు వేయడం మీదే. అది ఒకేసారి చేస్తే ఒక ఖర్చు, చెక్కపని అయ్యాక చేస్తే దుమ్ముతో కలిపి మూడు ఖర్చులు. కానీ ఈ వాదనను మరీ సాగదీయకూడదు. ప్రతి గోడకూ నాలుగేసి సాకెట్లు పెట్టించేవాళ్లను చూస్తే ఇంకో రోగం కనిపిస్తుంది. వాడని సాకెట్ కూడా తీగకు ఒక అతుకే, ఒక బలహీనమైన చోటే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో సాకెట్ లోపలి లోహపు రేకులకు త్వరగా చిలుము పడుతుంది. అవసరమైనచోట రెండు ఎక్కువ, మిగతాచోట్ల ఖాళీ పైపు చాలు.

పని వరుస ఎలా ఉండాలన్నది ఇక్కడ తేలిపోతుంది. ముందు వస్తువుల జాబితా: ఏ గదిలో ఏవి, ఎన్ని వాట్లు, కరెంటు పోతే ఏవి నడవాలి. తర్వాత చెక్కపని బొమ్మను కాగితం మీద వదిలేయకుండా గోడల మీద సుద్దతో అసలు కొలతలో గీయించాలి. ఇక్కడ టీవీ అంచు, ఇక్కడ డ్రాయరు, ఇక్కడ మంచం. కార్పెంటరూ ఎలక్ట్రీషియనూ ఒకే రోజు, ఒకే గోడ ముందు నిలబడాలి. ఒకరు హిందీలో, ఇంకొకరు తెలుగులో మాట్లాడుకునే ఇళ్లు హైదరాబాద్‌లో తక్కువేమీ కాదు; సుద్దగీత ఇద్దరికీ అర్థమవుతుంది. అప్పుడు గాడి, పైపు, బాక్సు. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి, కొలత కనపడేలా ఫొటో తీయాలి. ఈ ఫొటో విలువ తర్వాత తెలుస్తుంది. గోడకు బిగించే కబోర్డు కోసం కార్పెంటర్ డ్రిల్లు పెట్టేది చాలాసార్లు స్విచ్ బోర్డుకు నిలువుగా పైన, సరిగ్గా పైపు సీలింగ్ వైపు వెళ్లే చోట. డ్రిల్లు మొన తీగకు తగిలితే మంచి ఇంట్లో లీకేజీని పసిగట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కరెంటు ఆపేస్తుంది, అది లేని ఇంట్లో మనిషి చెయ్యి ఆపాల్సి వస్తుంది. బోర్డుకు పైన, కింద నిలువు గీతలో డ్రిల్లు పెట్టకూడదన్నది పాత నియమమే; ఫొటో ఉంటే ఆ నియమం ఊహ మీద ఆధారపడదు. చెదల మందు, ప్లైవుడ్ రకం (తడి తగిలే వంటింటి సింకు కింద ఐఎస్ 710 మెరైన్ ప్లై, పొడి గదుల్లో ఐఎస్ 303 చాలు) లాంటివన్నీ దీని తర్వాత. తీగ దూరే ప్రతి కంతకూ మూత లేదా సిలికాన్ పెట్టించాలి; లేకపోతే షాఫ్టు నుంచి బొద్దింకలకు మనమే దారి వేసినట్టు.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు, గాడి కొట్టనివ్వని కాంక్రీటు గోడలవాళ్లకు ఇదంతా వినడానికే బావుందనిపించవచ్చు. వాళ్లకు దారి చెక్కపని ఇస్తుంది, లేదా కేసింగ్ క్యాపింగ్ ఇస్తుంది. గోడ అడుగున స్కర్టింగ్ వెంట తిన్నగా, మూలల దగ్గర సరైన కోణంలో వేసి, గోడ రంగే పూసిన క్యాపింగ్ పట్టీ రెండు రోజుల తర్వాత కంటికి ఆనదు. సోఫా వెనక వంకర టింకరగా వేలాడే తీగకన్నా అది నూరు రెట్లు నయం. గోడకు వెన్ను ఆనించి నిలబెట్టే పుస్తకాల రాక్‌కు వెనక రెండంగుళాల ఎడం వదిలితే అదే ఒక నిలువు దారి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రాక్ మనతో వస్తుంది, పట్టీ ఊడి వస్తుంది. ఈ పద్ధతిని సొంతింటివాళ్లు కూడా చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. తిన్నగా కనిపించే తీగ, చెత్తగా దాచిన తీగకన్నా మేలైనదే.

ఒప్పందం కాగితంలో ఇవన్నీ ఎలా ఎక్కించాలన్నది చివరికి మిగిలిన పని, అది పెద్ద కష్టమేమీ కాదు. కార్పెంటర్‌తో చదరపు అడుగు ధర మాట్లాడేటప్పుడే తీగ దారులు వేరే పద్దుగా రాయాలి: ఎన్ని కంతలు, ఎన్ని తీసిపెట్టగల వెనక పలకలు, టీవీ ప్యానెల్ వెనక ఎంత ఎడం, వీటికి ఇంత కూలి అని. ఎలక్ట్రీషియన్‌కు పాయింట్ల లెక్కతో పాటు ఖాళీ పైపులకు అడుగు లెక్కన కట్టివ్వాలి, అప్పుడే అతను వాటిని దగ్గరి దారిలో కాకుండా సరైన దారిలో వేస్తాడు. చివరి వాయిదా రంగులు ఆరిన రోజున ఇవ్వకుండా వస్తువులన్నీ వచ్చి కూర్చున్నాక ఇవ్వాలి. ఆ రోజు ఇద్దరినీ పిలిచి, టీవీ వెనక నుంచి ఒక కేబులు పూర్తిగా బయటికి లాగి, తాడు కట్టి కొత్తది ఎక్కించమనాలి. ఓవెన్ కదపకుండా దాని ప్లగ్గు తీయమనాలి. సీలింగ్ లైటు డ్రైవర్ ఒకటి విప్పి చూపించమనాలి. ఉలి, సుత్తి ముట్టకుండా ఈ మూడూ జరిగితే బిల్లు చెల్లించవచ్చు.